ప్రసాదం పక్కన పెట్టిన పెన్ను

సత్యనారాయణ వ్రతం చేస్తే కష్టాలు తీరతాయని అందరికీ తెలుసు. అదే వ్రతంతో, వచ్చిన చుట్టపక్కాలందరినీ మూకుమ్మడిగా ఇండియా విమానం ఎక్కించవచ్చని కనిపెట్టినవాణ్ణి మాత్రం నేనే. మా హెర్న్‌డన్ చుట్టుపక్కల ఈ రికార్డు ఇంకా నా పేరు మీదే ఉంది. చెబుతాను, వినండి. నవ్వుకున్నా ఫర్వాలేదు, ఇప్పుడు నేనూ నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నా ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పటికి నాకు అమెరికా పౌరసత్వం వచ్చి ఒక చలికాలం గడిచింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త పౌరుడు అంతకంటే అన్యాయం. కారుకి చిన్న జెండా తగిలించాను. ఓటర్ల జాబితాలో పేరెక్కిన రోజున మా ఆవిడ వసుంధర చేత పాయసం చేయించాను. ఆ ఏడు మా పేటకి రాష్ట్ర శాసనసభ ఎన్నికలొచ్చాయి. నా మొదటి ఓటు ఎవరికి వేద్దామా అని ఉత్సాహంగా చూద్దును కదా, నిలబడ్డవాళ్ళు ఇద్దరే!

ఇద్దరేమిటండీ? టిఫిన్ హోటల్లో ఇడ్లీ, దోశ తప్ప ఇంకేం లేవంటే లేచి పక్క హోటల్‌కి పోయే జాతి మనది. నా చిన్నప్పుడు నరసరావుపేటలో బ్యాలెట్ కాగితం దుప్పటంత ఉండేది. కుట్టుమిషను గుర్తాయన, ప్రెషర్ కుక్కర్ గుర్తాయన, పలక గుర్తాయన ఎప్పుడూ గెలిచిన పాపాన పోలేదు. గెలవరని వాళ్ళకీ తెలుసు. అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని, దండం పెట్టుకుంటూ మా వీధిలోకి వచ్చేవారు. వాళ్ళు వచ్చి వెళ్ళిన మర్నాడు పెద్ద పార్టీలవాళ్ళు కూడా పరుగెత్తుకుంటూ వచ్చి, "మీ వీధి కుళాయి సంగతేమిటి?" అని అడిగేవారు.

అలాంటి సమయంలో లినెట్ దొరికింది. రిటైరైన పశువుల డాక్టరు, డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది, నడిస్తే మనం పరుగెత్తాలి. ఆవిడ ఒక మూడో పార్టీ తరఫున నిలబడాలనుకుంటోంది. పార్టీ పేరు మీకెందుకు, మూడోది అనుకోండి చాలు. మా పేట వెనక రాత్రింబవళ్ళు వేల కంప్యూటర్లు నడిచే డేటా సెంటర్లు వెలిశాయి. ఎప్పుడూ గుయ్యిమని ఒకటే మోత. కరెంటు బిల్లు చూస్తే మనకే ఆ మోత వస్తుంది. రెండు పెద్ద పార్టీల అభ్యర్థులూ ఆకాశం నీలమా కాదా అన్న దాని మీద కూడా కొట్టుకుంటారు గానీ, ఈ మోత సంగతెత్తితే మాత్రం ఇద్దరూ అచ్చం ఒకలాగే చిరునవ్వు నవ్వుతారు. ఆవిడొక్కతే దాని గురించి గట్టిగా మాట్లాడింది. అంతే, నేను పడిపోయాను.

వసుంధర పడలేదు.

"ఏమండీ, గెలవనివాళ్ళకి ఓటేస్తే ఓటు వేస్టే కదా? పైగా ఆ ఇద్దర్లో ఎక్కువ చెడ్డవాడు గెలుస్తాడు. రెండు పిల్లులు కొట్టుకుంటే రొట్టె కోతి తిన్నట్టు."

"రొట్టె ఎక్కడుందే? పిల్లులు రెండూ కలిసి ఎప్పుడో తినేశాయి."

"అయితే కోతికెందుకు సపోర్టు చేయడం?"

"చూడు వసూ, నువ్వు పటేల్ కొట్టులో బెండకాయలు ముదురుగా ఉంటే ఏం చేస్తావు?"

"పక్క కొట్టుకి పోతాను."

"పోతావని తెలుసు కాబట్టే లేతవి తెస్తాడు. ఏమిచ్చినా పుచ్చుకుంటానని తెలిస్తే ముదురువే అంటగడతాడు. ఓటూ అంతే. మూడో కొట్టు ఉంటేనే మొదటి ఇద్దరూ ఒళ్ళు దగ్గర పెట్టుకుంటారు."

వసుంధర, "బాగానే ఉంది గానీ, మీరు ఏ పనికి దిగినా చివరికి తుడిచేది నేనే," అంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ పెద్ద పార్టీలకి దారి సుళువు. మూడోవాళ్ళకి మాత్రం ఓటర్ల సంతకాలు బోలెడు సేకరించి ఎన్నికల ఆఫీసులో ఇస్తేనే బ్యాలెట్ మీద పేరు పడుతుంది. లినెట్ నా చేతిలో ఒక అట్టా, దానికి గుచ్చిన కాగితాలూ పెట్టింది.

"శ్రీ," అంది. నా పేరు శ్రీధర్. ఆవిడకి మొదటి అక్షరం దగ్గరే ఆయాసం వస్తుంది. "మన శాసనసభ డిస్ట్రిక్ట్ ఓటర్లవే కావాలి. పైన రాసింది ఒకసారి చదువుకో. వెనక వైపు కూడా చూసుకో."

"తప్పకుండా," అన్నాను. పైన చీమతలకాయంత అక్షరాలు ఏవో ఉన్నాయి. నేను పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి. అలాంటివి కనిపిస్తే కిందకి జరిపి 'ఐ యాగ్రీ' నొక్కడమే తప్ప చదివే అలవాటు మా వంశంలో లేదు.

ఇల్లిల్లూ తిరుగుదామని బయల్దేరాను. మొదటి ఇంటాయన "నువ్వు ఏ పక్క?" అని అడిగాడు. "ఏ పక్కా కాదండీ," అనేసరికి తలుపేసుకున్నాడు. రెండో ఇంట్లో కుక్క వచ్చింది. దానికి రాజకీయాల మీద గట్టి అభిప్రాయాలున్నట్టు కనిపించింది. మూడో ఇంట్లో మనిషే లేడు, తలుపు పక్కనున్న కెమెరా మాత్రం "వెళ్ళిపో" అంది. నేను వెళ్ళిపోయాను.

కారులో కూర్చుని చెమట తుడుచుకుంటుంటే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆదివారం మా ఇంట్లో వ్రతం. ఊళ్ళో తెలిసిన తెలుగువాళ్ళంతా వస్తారు. మనవాళ్ళలో రెండు గొప్ప గుణాలున్నాయి. ఒకటి, ప్రసాదం తీసుకోకుండా ఎవరూ వెళ్ళరు. రెండు, మొహమాటం. భోజనం పెట్టినవాడు అడిగితే కాదనరు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చనే ఇంటికి పిలుచుకున్నాను.

ఆదివారం వ్రతమైంది. పీటల మీద నుంచి లేస్తూనే పట్టుపంచె ఎగ్గట్టుకుని ప్రసాదం బల్ల పక్కన నిలబడ్డాను. ఒక చేత్తో ప్రసాదం, ఇంకో చేత్తో పెన్ను.

"బాబూ, ఇదేమిటి?" అన్నారు పక్కింటి రమణ వాళ్ళ అత్తగారు, దొన్నె అందుకుంటూ. కూతురి పురుడుకి ఇండియా నుంచి వచ్చారు.

"ఏం లేదు పిన్నిగారూ, ఒక మంచి పని. ఇక్కడ పేరు, అడ్రసు, సంతకం."

"దేవుడి సన్నిధిలో అడిగావు, కాదంటానా?" అని కళ్ళజోడు సర్దుకుని సంతకం పెట్టారు. ఆవిడ పెట్టింది చూసి వెనకున్న ఇంకొకరు, ఆ ఇంకొకర్ని చూసి మరొకరు. ఎం.ఎస్. చదివే కుర్రాళ్ళు పులిహోర కోసం వచ్చినవాళ్ళు, "అంకుల్, ఎక్కడ పెట్టాలి?" అని గుంపుగా మీద పడ్డారు. పంతులుగారు సంభావన పుచ్చుకుని, అక్షింతలు చల్లిన చేత్తోనే, "శుభం," అంటూ సంతకం చేశారు.

చివరికి మా తోడల్లుడు నర్సింగరావు అన్నయ్య వచ్చాడు. వసుంధర అక్క సుధ వదిన భర్త. కరీంనగర్ మనిషి, నిజాయితీకి చొక్కా తొడిగినట్టుంటాడు.

"ఏంది తమ్మీ, గీ కాగితాలు?"

"మన డేటా సెంటర్ల మోత మీద పోరాటం అన్నయ్యా. నువ్వుండేది ఈ డిస్ట్రిక్టే కదా?"

"నీ ఇంటికాడికెల్లి రెండు గల్లీలే కదనె. మోత అంటే నాకూ నిద్ర పడ్తలే. తే, పెడ్త." అని మంచి దస్తూరీలో, నిదానంగా, పేరు చివర గీత కూడా గీసి పెట్టాడు.

సాయంత్రం లినెట్ వచ్చి కాగితాలు తీసుకుంది. కళ్ళు పెద్దవి చేసుకుని, "ఒక్క పూటలోనా? ఎలా చేశావు శ్రీ?" అంది.

"మా దగ్గర ఒక పద్ధతి ఉంది," అన్నాను గంభీరంగా. ఆవిడకి కూడా ప్రసాదం పెట్టి పంపించాను. "మంగళవారం పొద్దున్నే ఆఫీసులో ఇచ్చేస్తాను," అని చెప్పి వెళ్ళింది.

సోమవారం సాయంత్రం నర్సింగరావు అన్నయ్య ఇంటికి వెళ్ళాం. బుధవారం అతనికి పౌరసత్వం ఇంటర్వ్యూ. గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి నిలబడి ఆ మనిషి జుట్టు నెరిసింది, ఆపైన ఇంకో ఐదేళ్ళాగి ఈ ఇంటర్వ్యూ దాకా వచ్చాడు. నన్ను ఆఫీసరులా కూర్చుని ప్రశ్నలు అడగమన్నాడు. నేను కాలు మీద కాలేసుకుని, ఫోను నోరు నొక్కి జేబులో పెట్టి, అప్లికేషన్లో ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతున్నాను.

"మీరెప్పుడైనా జైలుకెళ్ళారా?"

"నెవర్ సార్."

"ఎప్పుడైనా తాగి డ్రైవ్ చేశారా?"

"నెవర్ సార్." వంటింట్లోంచి సుధ వదిన, "తాగకుండానే అలా చేస్తారు," అంది.

"మీరెప్పుడైనా, రాతపూర్వకంగా గానీ మరో విధంగా గానీ, అమెరికా పౌరుణ్ణని చెప్పుకున్నారా?"

"నెవర్ సార్!"

నేను తర్వాతి ప్రశ్నకి వెళ్ళలేదు. రాతపూర్వకంగా... చీమతలకాయంత అక్షరాలు... జేబులో ఫోను తీసి, నిన్న గొప్ప కోసం తీసుకున్న కాగితాల ఫోటో పెద్దది చేసి చూశాను. మొదటిసారి చదివాను. "కింద సంతకం చేసిన మేము, ఈ నియోజకవర్గంలో ఓటు హక్కు కలిగిన ఓటర్లమని..."

ఓటరు కావాలంటే పౌరుడై ఉండాలి. కాకుండానే అయ్యానని రాసిచ్చినవాణ్ణి ఈ దేశం నుంచి పంపించేస్తారు. విజిటర్ వీసా మీద వచ్చిన రమణ అత్తగారు, స్టూడెంట్ వీసా కుర్రాళ్ళు, గుడివాళ్ళ వీసా మీదున్న పంతులుగారు, హెచ్-వన్ ఉద్యోగ వీసా మీదున్న సగం మంది నా స్నేహితులు, ఎల్లుండి ఇంటర్వ్యూ ఉన్న మా అన్నయ్య, అందరూ కలిసి మేం అమెరికా ఓటర్లమని సంతకం చేశారు. నేను చేయించాను. నెయ్యి వేసి మరీ చేయించాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళుంటారు. నేను అసలు ఏరుందనే మర్చిపోయాను. నిన్నమొన్నటి దాకా ఆ ఏట్లోనే మునిగి తేలినవాణ్ణి!

"ఏమైంది తమ్మీ? గట్ల చెమటలు పడ్తున్నయేంది?"

చెప్పాను. అన్నయ్య తిట్టలేదు. తిడితే బాగుండును. మెల్లిగా సోఫాలో వెనక్కి వాలి, "నా సంతకం కింద గీత కూడా గీస్తిని కదనె," అన్నాడు.

సుధ వదిన గరిటెతో బయటికొచ్చింది. "మీ మరిదికి పౌరసత్వం వచ్చింది గానీ బుద్ధి రాలేదే," అని నన్ను చూపిస్తూ చెల్లెలితో అంది. ఆవిడ కంగారులో వరసలు కూడా తప్పుతున్నాయి. వసుంధర నా వైపు చూసిన చూపుని ఇక్కడ రాయలేను, పిల్లలు కూడా చదువుతారు.

లినెట్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా ఫోన్‌లో మాత్రం ఏదో తెలియని నంబరు నుంచి వరసగా కాల్స్ వచ్చి ఉన్నాయి. కారు వారంటీ అమ్మేవాళ్ళయి ఉంటారని తిట్టుకుని చెరిపేశాను.

మంగళవారం పొద్దున్నే అన్నయ్యని కారులో ఎక్కించుకున్నాను. ఇంటర్వ్యూ కోసం కొన్న కోటు, టై వేసుకుని వచ్చాడు.

"ఇవాళెందుకన్నయ్యా కోటు?"

"డిపోర్ట్ చేస్తే ఫోటో మంచిగ రావాలె కదా."

లినెట్ ఇంటికెళ్తే తాళం. ఎన్నికల ఆఫీసుకి పరుగెత్తాం. దారి పొడుగునా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, ఒకే ఒక్క మాటన్నాడు. "ఇల్లు, మా బిడ్డ కాలేజి, అన్నీ ఇక్కడ్నే ఉన్నయ్ తమ్మీ." నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సిగ్నల్ దగ్గర కళ్ళు తుడుచుకున్నాను కూడా. దేశానికి మూడో దారి చూపిస్తానని బయల్దేరి, సొంత మనిషికి ఉన్న ఒక్క దారీ మూసేశాను.

ఆఫీసు ముందు కారాపితే అన్నయ్య దిగనన్నాడు. "నేను ఆ గడప తొక్క. లోపల కెమెరాలుంటయ్." అని సీట్లో కిందికి జారాడు. నేను దిగి మెట్లెక్కబోతుంటే ఆఫీసు తలుపు తెరుచుకుని లినెట్ బయటికొచ్చింది. భుజాన ఖాళీ గుడ్డసంచీ. ముఖంలో విజయం.

"ఇచ్చేశాను శ్రీ! తీసుకున్నారు!"

అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. "లినెట్... అవి వెనక్కి తీసుకోవాలి... నావాళ్ళెవరూ ఓటర్లు కారు... తప్పు నాది... వాళ్ళకేం తెలియదు..."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. గుర్రాలకీ కుక్కలకీ వైద్యం చేసిన మనిషి కదా, జబ్బు దేనిదో ఇట్టే కనిపెట్టింది.

"నీవా? నీవి ఎక్కడిచ్చాను? నా సెల్ పాడైంది, నిన్న సాయంత్రమంతా మా ఇంటి ఫోన్ నుంచి నీకు కాల్ చేస్తూనే ఉన్నాను. ఎత్తవే!"

కారు వారంటీ!

"ఎందుకివ్వలేదు?" అన్నాను, ఊపిరి పట్టుకుని.

"కాగితం వెనక్కి తిప్పి చూశావా? సంతకాలు సేకరించినవాడు నోటరీ ముందు తన సంతకం పెట్టాలి. అది లేకపోతే కాగితం చెల్లదు. ఊరందరి చేతా పెట్టించావు గానీ, శ్రీ, నువ్వు పెట్టడం మర్చిపోయావు."

నేను నవ్వానో ఏడ్చానో గుర్తులేదు. రెండూ కలిపి ఏదో చప్పుడు చేశాను. కారులో కిందికి జారి ఉన్న అన్నయ్య తల సగం పైకి లేచింది. ఒక తప్పు చేస్తే మనిషి మునుగుతాడు. రెండు తప్పులు చేస్తే ఒక్కోసారి తేలతాడని ఆ మెట్టు మీద తెలిసింది.

లినెట్ తన కారు తలుపు తీసి, నా కాగితాలు నా చేతిలో పెట్టింది. "నా సంతకాలు కిరాణా కొట్టు ముందు నిలబడి నేనే పోగేసుకున్నాను, సరిపోయాయి. ఇవి చూస్తే ముందే అనుమానమొచ్చింది. ఈ మరకలేమిటి, వెన్నా?"

"నెయ్యి."

"సరే. ఈ భరద్వాజ అనే వీధి మన డిస్ట్రిక్ట్‌లో ఎక్కడుంది? ఇంతమంది అక్కడే ఉంటున్నారు!"

పిన్నిగారి దగ్గర్నుంచి చాలామంది అడ్రసు గడిలో గోత్రం రాశారు. వ్రతంలో కాగితం కనిపిస్తే మనవాళ్ళ చేతికి గోత్రమే వస్తుంది. ఒకరిద్దరు నక్షత్రం కూడా రాశారు.

ఆ కాగితాల్ని వసుంధర మిషన్లో వేసి చింపడం కూడా నమ్మలేదు. బకెట్లో నానబెట్టి, పిసికి, పెరట్లో కంపోస్టులో కలిపింది. ఏ పనికి దిగినా చివరికి తుడిచేది ఎవరో మీకు గుర్తుంది కదా. ఆ ఏడు మా టమాటాలు విరగకాశాయి.

ఆ మంగళవారమే లాయర్ని కూడా అడిగాం. ఎక్కడా దాఖలు కాలేదు, తెలియక పెట్టారు, అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి అన్నాడు. అన్నయ్య అడిగేదాకా ఆగుతాడా? బుధవారం ఆ ప్రశ్న రాగానే పీటల దగ్గర్నుంచి మొదలుపెట్టి, ప్రసాదం, గోత్రాలు, కాగితం వెనక నేను పెట్టని సంతకం దాకా కథంతా చెప్పాడట. ఆఫీసరు పెన్ను కింద పెట్టి, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి, "మీ బంధువుకి నా నమస్కారాలు. ఇక్కడ సంతకం పెట్టండి," అన్నాడట. అన్నయ్య ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, వెనక్కి తిప్పి చూసి, వెలుగుకి ఎత్తి పట్టి చూసి, అప్పుడు పెట్టాడు. గీత గీయలేదు.

"పాసయిన తమ్మీ!" అని ఆయన ఫోన్ చేస్తే నేను ఆఫీసులో కుర్చీ మీద నుంచి లేచి గంతేశాను. గుండెల మీద నుంచి బస్తా దింపినట్టయింది. ఆ పూట రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాను. అంతకు ముందు రెండు రోజులూ మజ్జిగ కూడా దిగలేదు మరి.

శీతాకాలం ముందర ఓట్లు పడ్డాయి. అప్పటికి అన్నయ్య కూడా ప్రమాణం చేసి పౌరుడయ్యాడు, ఇద్దరం కలిసే వెళ్ళాం. బయటికొచ్చాక, ఓటేసినవాళ్ళకి ఇచ్చే స్టిక్కరు కోటు మీద అంటించుకుంటూ అన్నయ్య అన్నాడు. "నీ మూడామెకే ఏసిన."

"ఓటు వేస్టవుతుందన్నయ్యా, వసుంధరనడుగు," అన్నాను వేళాకోళంగా.

"కానీయ్. ఇన్నేండ్లు వేస్ట్ చేస్కుందామన్నా నాకు ఓటు లేకుండె."

ఇంత గొడవపడి నేను చేయాలనుకున్న ఉపన్యాసం ఆయన ఒక్క ముక్కలో చేసేశాడు.

లినెట్ ఓడిపోయింది. మూడో పార్టీ, మూడో స్థానం, లెక్క సరిగ్గా కుదిరింది. కానీ ప్రచారం చివరికొచ్చేసరికి ఆ మిగతా ఇద్దరూ డేటా సెంటర్ల మోత గురించి పోటీలు పడి మాట్లాడారు. గెలిచినాయన చిరునవ్వు తగ్గించి మా పేటకి వచ్చి, నిలబడి, ఆ గుయ్యిమనే చప్పుడు స్వయంగా విని వెళ్ళాడు. మా నరసరావుపేట కుళాయే గుర్తొచ్చింది నాకు. వసుంధర కూడా, "మీ కోతి మంచిదేనండీ," అంది.

కాబట్టి పాఠకమహాశయులారా, సత్యనారాయణ స్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రసాదం ఉన్నచోట పెన్ను పట్టను. పెన్ను ఉన్నచోట ప్రసాదం పెట్టను. పైన ఎంత చిన్న అక్షరమున్నా భూతద్దం పెట్టి చదువుతాను. తెలియని నంబరైనా సరే, కారు వారంటీ అయినా సరే, ఫోనెత్తి వినయంగా మాట్లాడతాను.

ఈ ప్రమాణానికి మొన్ననే పరీక్ష వచ్చింది. తలుపు తీస్తే నర్సింగరావు అన్నయ్య, చేతిలో అట్ట, చెవిలో పెన్ను. లినెట్ మళ్ళీ నిలబడుతోందట.

"తమ్మీ, ఒక్క సంతకం పెట్టరాదె."

అడ్రసు గడి చూశాను, గోత్రాలేమీ లేవు. పైనుంచి కింది దాకా చదివి, శ్రద్ధగా నా సంతకం పెట్టాను. పెట్టి, కాగితం వెనక్కి తిప్పి చూశాను. ఖాళీ.

"వెనక నీది ఏదన్నయ్యా? మర్చిపోయావా?"

"మర్చిపోలే," అన్నాడాయన, అట్ట చంకలో పెట్టుకుంటూ. "నోటరీ దగ్గర్నే చివరికి పెడ్త. సంతకాలన్నీ మల్లొకసారి చూస్కున్నంక. మధ్యలో నీ అసొంటోడు ఎవడన్న ఏమన్న చేస్తే, నన్ను కాపాడేది గా ఖాళీయే కదా!"